ఈసీబీ వర్క్‌షాపు కోసం ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్నాను. వీసా, బస, తిండి, ఖర్చుల విషయంలో ఏమేం చూసుకోవాలి?

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాననీ, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు (ఈసీబీ)లో జరిగే రెండు రోజుల వర్క్‌షాపుకు పేపరు ఎంపికైందనీ, ఇదే మొదటి విదేశ ప్రయాణమనీ రాశారు. ముందుగా అభినందనలు. 2024 ఏప్రిల్‌లో నేను ఇదే పని మీద వెళ్లి వచ్చాను. వీసా, హోటలు, తిండి, ఖర్చుల వాపసు గురించి అడిగారు. అవన్నీ చెబుతాను గాని, మీరు అడగని దానితో మొదలుపెడతాను. అది మీ పేరు.

నా పరిశోధన పత్రాల మీద ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే. మన వైపు చాలామందికి అంతే కదా. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంది. నిర్వాహకులు పంపిన రిజిస్ట్రేషన్ ఫారంలో అలవాటు కొద్దీ పేపరు మీద ఉన్న పేరే నింపేశాను. వర్క్‌షాపు రోజు ఉదయం గేటు దగ్గర భద్రతా సిబ్బంది పాస్‌పోర్టు చూసి, అందులోని ఇంటిపేరు కోసం జాబితా అంతా వెతికారు. లేదు. జర్మన్లు మనిషిని ఇంటిపేరుతో వెతుకుతారని అప్పుడు తెలిసింది. అక్కడ నా పేరు పొడి అక్షరం కింద ఎక్కడో ఉంది. చివరికి నిర్వాహకుల్లో ఒకరు కిందికి వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్లేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. మొదటి ఉపన్యాసం సగం అయిపోయింది. తప్పు పూర్తిగా నాదే. కాబట్టి రిజిస్ట్రేషన్ ఫారం, ఆహ్వాన లేఖ, విమాన టికెట్టు, హోటలు బుకింగ్, బీమా, అన్నిటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. మెడలో వేసుకునే బ్యాడ్జీ మీద పేపరు మీది పేరు కావాలంటే విడిగా ఈమెయిల్‌లో అడగండి, వేస్తారు. అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. లోపలికి వెళ్లేముందు విమానాశ్రయంలో లాగే సంచుల తనిఖీ ఉంటుంది. మొదటి రోజు అరగంట ముందే చేరండి.

ఇక వీసా. షెన్‌గెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల బృందం) స్వల్పకాలిక వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలన్నది నియమం గాని ఆ గడువును నమ్ముకుంటే నిద్ర పట్టదు. మామూలుగా 15 రోజుల్లో తేల్చాలి, అవసరమైతే 45 రోజుల దాకా తీసుకునే వీలు వాళ్లకు ఉంది. పైగా అపాయింట్‌మెంటు దొరకడమే ఒక ప్రహసనం. వేలిముద్రలు, పత్రాలు హైదరాబాద్‌లోని వీసా కేంద్రంలోనే ఇవ్వవచ్చు. రుసుము నేను కట్టినప్పుడు 80 యూరోలు, 2024 జూన్ నుంచి 90 అయింది. ప్రయాణ ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, షెన్‌గెన్ దేశాలన్నిటికీ వర్తించాలి. ఆహ్వాన లేఖలో తేదీలతో పాటు ఏ ఖర్చు ఎవరు భరిస్తారో ఒక వాక్యం తప్పనిసరిగా రాయించుకోండి. "ప్రయాణం, బస మావి" అనో, "అన్నీ అభ్యర్థివే" అనో స్పష్టంగా ఉంటే, మీ బ్యాంకు స్టేట్‌మెంటు ఎంత చూపాలో దాన్ని బట్టి తేలుతుంది. నాకు అన్నిటికన్నా ఆలస్యమైంది జర్మనీ వాళ్లతో కాదు, మా కార్యాలయం ఇవ్వాల్సిన నిరభ్యంతర పత్రంతో. ఆ ఫైలు ఈరోజే కదిలించండి.

హోటలు తీసుకునేముందు నగరంలో ట్రేడ్ ఫెయిర్లు ఏ తేదీల్లో ఉన్నాయో చూడండి. అక్టోబరులో పుస్తక ప్రదర్శన వంటివి జరిగే వారంలో గది అద్దెలు మండిపోతాయి. చవకగా కనిపించే హోటళ్లు చాలావరకు ప్రధాన రైల్వేస్టేషన్ ఎదుటి వీధుల్లో ఉంటాయి. ఆ పేట మాదకద్రవ్యాలకు పేరుపడ్డది. పగలు నడిచి వెళ్లడానికి ఇబ్బంది లేదు గాని, రాత్రి విందు ముగించుకుని ఒంటరిగా తిరిగి రావడానికి మీకు నచ్చకపోవచ్చు. పది యూరోలు ఎక్కువైనా బ్యాంకు ఉన్న ఓస్టెండ్ పేటలోనే తీసుకోమంటాను.

అన్నట్టు, ఏ భవనమో చూసుకున్నారా? ఈసీబీ అంటే అందరి మనసులో మెదిలేది విల్లీ బ్రాంట్ ప్లాట్స్ అనే కూడలిలోని పెద్ద నీలిరంగు యూరో గుర్తు. ఫొటోల్లో కనిపించేది అదే. దాని పక్కనున్న యూరోటవర్ నుంచి బ్యాంకు 2014లోనే ప్రధాన కార్యాలయాన్ని తరలించింది. ఇప్పుడు అందులో బ్యాంకుల పర్యవేక్షణ విభాగం ఉంది. ప్రధాన భవనం తూర్పున మైన్ నది ఒడ్డున, జోన్నెమాన్‌ష్ట్రాసె 20లో ఉంది. మీ లేఖలో ఏ చిరునామా ఉందో అదే ఫోనులో పెట్టుకోండి, బ్యాంకు పేరు కొట్టి వెతకకండి. జర్మనీ కేంద్ర బ్యాంకు బుందెస్‌బ్యాంక్ కూడా ఇదే ఊళ్లో ఉంది, అది వేరే సంస్థ. టికెట్టు కొనేటప్పుడు మరో చిక్కు: ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అనే విమానాశ్రయం ఒకటి ఉంది. పేరే ఫ్రాంక్‌ఫర్ట్, ఊరికి వంద కిలోమీటర్ల పైనే దూరం.

హైదరాబాద్ నుంచి 2024 నుంచి లుఫ్తాన్సా నేరుగా నడుపుతోంది. దిగాక ఒకటో టెర్మినల్ కింద ప్రాంతీయ రైళ్ల స్టేషన్ ఉంటుంది. దూరప్రాంత రైళ్ల స్టేషన్ వేరు, అటు వెళ్లకండి. ఎస్8 లేదా ఎస్9 రైలు ఎక్కాలి. ఇవే రైళ్లు ఎదురు దిక్కున వీస్‌బాడెన్‌కు కూడా వెళ్తాయి కాబట్టి బోర్డు మీద ఒఫెన్‌బాఖ్ లేదా హనౌ ఉన్నది ఎక్కండి. అందరితో పాటు హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో (ప్రధాన రైల్వేస్టేషన్) దిగిపోకుండా అలాగే కూర్చుంటే ఓస్టెండ్‌ష్ట్రాసె వస్తుంది. అక్కడి నుంచి బ్యాంకుకు నడకే. స్టేషన్లలో మన మెట్రోలో లాగా గేట్లు ఉండవు. ఎవరూ అడగట్లేదు కదా అని టికెట్టు లేకుండా ఎక్కితే, తనిఖీలో దొరికినప్పుడు 60 యూరోలు కట్టాలి.

భవనం గురించి రెండు మాటలు. ఎదురుగా కనిపించే పొడవాటి హాలు 1928లో మార్టిన్ ఎల్సేసర్ కట్టిన టోకు కూరగాయల మార్కెట్టు. సమావేశ మందిరాలు, భోజనశాల అందులోనే ఉన్నాయి. వెనక 185 మీటర్ల గాజు టవరు. వడ్డీ రేట్ల గురించి మాట్లాడుకునే చోట ఒకప్పుడు క్యాబేజీ వేలం పాడేవాళ్లని తెలిసి నాకు భలే నచ్చింది. ఆ సరదా ఎంతోసేపు నిలవలేదు. 1941 నుంచి 1945 దాకా నాజీలు ఫ్రాంక్‌ఫర్ట్ యూదులను పదివేల మందికి పైగా ఈ మార్కెట్టు నేలమాళిగలో పోగుచేసి, పక్కనున్న పట్టాల మీదుగా రైళ్లలో ఘెట్టోలకు (యూదుల నిర్బంధ వాడలకు), మరణ శిబిరాలకు పంపారు. ఆవరణ తూర్పు వైపు స్మారకం ఉంది. బాధితులు రాసుకున్న మాటలు కాంక్రీటు మీద చెక్కారు. బయటి భాగం ఎవరైనా చూడవచ్చు. రెండో రోజు సాయంత్రం వీలు చేసుకుని వెళ్లండి.

తిండి సంగతి. గుడ్డు కూడా తినరని రాశారు. ఫారంలో శాకాహారం అని పెడితే అక్కడ గుడ్డు, చీజ్ మామూలే. వేగన్ (గుడ్డు, పాలు సహా జంతు పదార్థాలేవీ లేని తిండి) అని పెట్టండి, గొడవ వదులుతుంది. విరామంలో ఇచ్చే కేకుల్లో గుడ్డు ఉంటుంది, పండ్లతో సరిపెట్టుకోవాలి. ఊరగాయలు చెక్-ఇన్ పెట్టెలో వేసుకోండి. ఆవకాయ, గోంగూరకు అభ్యంతరం లేదు. కాని ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉండాలి, అమ్మమ్మ ఎంత బతిమాలినా సరే. ఆదివారం దిగుతుంటే జాగ్రత్త: దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, ప్రధాన రైల్వేస్టేషన్‌లోనూ విమానాశ్రయంలోనూ కొన్ని తెరిచి ఉంటాయి. నీళ్ల సీసా కొంటే చాలాసార్లు గ్యాసు నీళ్లు తగులుతాయి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. కొద్దిగా నోట్లు, చిల్లర ఉంచుకోండి. మన రెండు పిన్నుల ఫోను ఛార్జరు అక్కడి సాకెట్టులో పడుతుంది, మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్గు పట్టదు, అడాప్టరు ఇక్కడే కొనుక్కోండి.

మీ మొదటి భయం ఈసీబీ ఆర్థికవేత్తలు ఏమడుగుతారో అన్నది. వాళ్లు పేపరు చదివి వస్తారు, మర్యాదగానే పీకి పాకం పెడతారు. ఒక్కటే: వడ్డీ రేట్లు నిర్ణయించే పాలకమండలి ద్రవ్య విధాన సమావేశానికి ముందు వారం రోజులు బ్యాంకు విధానకర్తలు వడ్డీ రేట్ల దిశ గురించి బయట మాట్లాడరు. మీ తేదీలు ఆ వారంలో పడితే కాఫీ దగ్గర ఆ ప్రశ్న వేసి ఇబ్బంది పెట్టకండి.

చివరగా డబ్బులు. నాకు ప్రయాణ ఖర్చు తిరిగి ఇచ్చారు. మీకు ఇస్తారో లేదో లేఖలో ఉంటుంది. వాపసు ఫారంలో ఐబాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా సంఖ్య) అనే గడి ఉంటుంది. మన బ్యాంకులకు ఐబాన్ లేదు. నేను అక్కడ ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాసి పంపి, అది తిరిగి వచ్చి, రెండు ఉత్తరాలు నడిచాక తెలిసింది: అలాంటి చోట ఖాతా సంఖ్య, స్విఫ్ట్ కోడ్ (విదేశీ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే కోడ్), బ్యాంకు పూర్తి చిరునామా ఇవ్వాలి. మీ శాఖ చిన్నదైతే దానికి స్విఫ్ట్ కోడ్ ఉండకపోవచ్చు, విదేశీ మారక ద్రవ్యం చూసే శాఖ కోడ్ అడిగి తీసుకోండి. ఖాతాలో పేరు కూడా పాస్‌పోర్టు పేరుతో కలవాలి. నాది అక్కడా పొడి అక్షరమే! డబ్బు ఖాతాలో పడే ముందు ఇది దేనికి వచ్చిందని మన బ్యాంకు అడుగుతుంది, ఆహ్వాన లేఖ చూపితే సరిపోయింది. ఇన్ని మలుపులు తిరిగి నా డబ్బు ఏడో వారంలో వచ్చింది. అప్పటిదాకా బోర్డింగ్ పాసులు, రైలు టికెట్లు, హోటలు రసీదు పారేయకండి. మా అమ్మ ఇల్లు సర్దుతూ ఆ కవరును పాత కాగితాల వాడికి వేయబోతుంటే మెట్ల మీద పట్టుకున్నాను.