బోర్డింగ్ స్కూల్ నుంచి మా పాప విమానం మారి ఒంటరిగా ఇంటికి రాగలదా?

వందనాలు అక్కా. మీరు అడిగింది ఇదీ: మీరిద్దరూ చాద్‌లో పరిచర్యలో ఉన్నారు. 10 ఏళ్ల పాప కెన్యాలో మిషనరీ పిల్లల బడిలో ఉంటోంది. ఆగస్టు సెలవులకు ఇథియోపియాలోని అడిస్ అబాబాలో విమానం మారి, ఇంటివాళ్లెవరూ తోడు లేకుండా చాద్ రాజధాని ఎన్జమేనా రాగలదా? రాగలదు. కాకపోతే ముందు చూసుకోవాల్సింది పాప ధైర్యం సంగతి కాదు, టికెట్ సంగతి.

తూర్పు ఆఫ్రికాలో అలాంటి పిల్లల హాస్టల్లో నేను చాలా ఏళ్లు వార్డెన్‌గా ఉన్నాను. మా బడికి ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరుల్లో సెలవులు. టర్ము చివరి వారమంతా పెట్టెలు తూకం వేయడం, పాస్‌పోర్టులు కవర్లలో సర్దడంతోనే సరిపోయేది. మా పిల్లల్లో దారి తెలియక తప్పిపోయినవాళ్లు లేరు. అవస్థ పడినవాళ్లంతా పెద్దవాళ్లు కొన్న టికెట్ల వల్లే పడ్డారు.

టికెట్ కొనేటప్పుడు అందరూ ధర చూస్తారు, మొత్తం ఎన్ని గంటలో చూస్తారు. నేను మాత్రం ఒకటే అడుగుతాను: రెండో విమానం అందకపోతే ఆ రాత్రి పాప ఎక్కడ పడుకుంటుంది, ఎవరి దగ్గర? దీనికి జవాబు లేకపోతే ఆ టికెట్ ఎంత చవకైనా వదిలేయండి.

అందుకే మొదటి విమానం నుంచి చివరిదాకా ఒకే టికెట్ మీద, ఒకే విమాన సంస్థలో ఉండేలా చూడండి. విడివిడిగా రెండు సంస్థల్లో కొంటే కొంత డబ్బు మిగలొచ్చు. కానీ మొదటిది ఆలస్యమైతే రెండోవాళ్లకు సంబంధం లేదు. పైగా పాప ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని బయటికొచ్చి మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు. దానికి వీసా కావాలంటే అక్కడే చిక్కు.

5 నుంచి 11 ఏళ్ల పిల్లలు ఒంటరిగా వెళ్లాలంటే చాలా సంస్థలు వాళ్లను ‘అన్‌అకంపనీడ్ మైనర్’గా, అంటే పెద్దల తోడు లేక సంస్థవాళ్లే వెంట ఉండి నడిపించే పిల్లలుగా తీసుకుంటాయి. కౌంటర్లో యూఎం అంటారు. ఇది సాధారణంగా వెబ్‌సైట్లో మామూలు టికెట్ కొన్నట్టు కుదరదు, ఆఫీసుకు ఫోన్ చేసి ముందుగా ఒప్పించుకోవాలి, ఫీజు వేరే. మధ్యలో రాత్రి ఆగాల్సి ఉంటే గానీ, రెండో విమానం వేరే సంస్థదైతే గానీ కొందరు ఒప్పుకోరు. అసలు విమానం మారే ప్రయాణానికే ఈ సేవ ఇవ్వని సంస్థలూ ఉన్నాయి. కాబట్టి డబ్బు కట్టేముందే అడగండి. మీ పాపకు 10 ఏళ్లే కావడం ఒకరకంగా మంచిదే. నాకు ఎప్పుడూ భయంగా ఉండేది 12, 13 ఏళ్ల పిల్లల గురించి. 12 నిండగానే చాలాచోట్ల పెద్దవాళ్ల టికెట్టే, చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు ఉండరు. ఆ వయసుకూ అడిగితే, డబ్బు కడితే ఈ సేవ ఇచ్చేవాళ్లు ఉన్నారు. కానీ ఆ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మన తెలుగువాళ్లకు ఇంకో తలనొప్పి పేర్లు. సంఘంలో అందరూ బాప్తిస్మం పేరుతో పిలుస్తారు, సర్టిఫికెట్లో ఇంకో పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. యూఎం ఫారంలో ‘పిల్లను అందుకునేవారు’ అన్నచోట రాసిన పేరు, అక్కడికొచ్చిన మనిషి గుర్తింపు కార్డులోని పేరు ఒకటే కాకపోతే పిల్లను ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. మా హాస్టల్ పిల్లాడొకడి నాన్నగారు ఎదురుగా నిలబడి ఉన్నా, ఫారంలో ఆయన సంఘం పేరు ఉండటంతో కాగితాలు తేలేదాకా పిల్లాణ్ణి అవతల గదిలోనే కూర్చోబెట్టారు. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి. రెండో మనిషి పేరు కూడా ఇవ్వండి.

మీరిద్దరూ సంతకం చేసిన సమ్మతి లేఖ ఇంగ్లీషులోనే కాక ఫ్రెంచిలో కూడా ఉండాలి, చాద్ అధికార భాషలు ఫ్రెంచి, అరబ్బీ కదా. ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టుకే తగిలించండి. జనన ధ్రువపత్రం నకలు ఒకటి వెయ్యండి. 2015లో దక్షిణాఫ్రికా పిల్లల ప్రయాణాలకు పూర్తి జనన ధ్రువపత్రం అడగడం మొదలుపెట్టినప్పటి నుంచి మేం ఆ దారిన వెళ్లినా వెళ్లకపోయినా అందరి కవర్లలోనూ అది పెట్టేవాళ్లం.

ఫోన్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. చాలా విమానాశ్రయాల్లో వైఫై కావాలంటే ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, రోమింగ్ లేని సిమ్‌కు ఆ ఓటీపీ రాదు. నంబర్లు కాగితం మీద రాసి, మెడలో వేసే సంచిలో పెట్టండి.

ఇక అడిస్‌లో రాత్రి గడపాల్సి వస్తే పాపను దగ్గర పెట్టుకునే కుటుంబాన్ని ఇప్పుడే మాట్లాడి ఉంచండి. అతిగా ఆలోచిస్తున్నానని అనుకోవద్దు. 2010 ఏప్రిల్లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదతో యూరప్ ఆకాశం రోజుల తరబడి మూతబడింది. 2013 ఆగస్టు 7న నైరోబీ విమానాశ్రయంలో అంతర్జాతీయ ప్రయాణికులు దిగే హాలు కాలిపోయి, రావాల్సిన విమానాల్ని మొంబాసాకూ ఇతర ఊళ్లకూ మళ్లించారు. 2020 మార్చిలో కెన్యా అంతర్జాతీయ విమానాలే ఆపేసింది. అంత పెద్దవి జరగకపోయినా ఒక్క వాన చాలు. ఆ కుటుంబంతో సమయాలు మాట్లాడేటప్పుడు జాగ్రత్త: ఇథియోపియాలో చాలామంది గంటల్ని పొద్దుపొడుపు నుంచి లెక్కపెడతారు, మనకు ఉదయం 8 అయితే వాళ్లకు 2. 24 గంటల లెక్కలో రాసి పంపండి.

ఎన్జమేనా నుంచి మీ ఊరికి మిషన్‌వాళ్ల చిన్న విమానం ఎక్కాల్సి ఉంటే ఇది ఇంకా ముఖ్యం. మట్టి రన్‌వేల మీద అవి పగలే దిగుతాయి, పొద్దుపోతే ఆ రోజుకు అంతే. సామాను కూడా పెద్ద విమానం లెక్కన సర్దకండి. చిన్న విమానంలో మనిషిని కూడా తూకం వేస్తారు.

పెద్ద పిల్లలతో కలిపి పంపడం నాకు బాగా నచ్చే పద్ధతి. 17 ఏళ్ల అక్క ఒకతె ఉంటే ఆరుగురు చిన్నవాళ్లు బుద్ధిగా కూర్చుంటారు. కానీ సంస్థ దృష్టిలో ఆ అక్క ‘తోడు’ కాకపోవచ్చు. కొందరు 16, కొందరు 18 నిండాలంటారు. అదీకాక గుంపు అడిస్ దాకానే. అక్కడ ఒకరు జిబౌటీ గేటుకు, ఒకరు నియామే గేటుకు. ఏడుపులు వచ్చేది బడి గేటు దగ్గర కాదు, ఇదిగో ఇక్కడ. చివరి విమానంలో ఒక్కతే ఉంటుందని పాపకు ముందే చెప్పండి. పిల్లలు తెలిసిన కష్టాన్ని బాగానే మోస్తారు.

“దొరల పిల్లలు వెళ్లలేదా?” అని ఇంటి దగ్గర పెద్దలు అంటారు. దక్షిణాదిలో పనిచేసిన అమెరికన్ మిషనరీల పిల్లలు 1901లో మొదలైన కొడైకెనాల్ బడికి వెళ్లిన మాట నిజమే. వాళ్లు దిగింది కొడై రోడ్ రైల్వే స్టేషన్లో. అక్కడ రైలు తప్పితే రేపు ఇంకోటి ఉంటుంది, వీసా అడిగేవాళ్లు ఉండరు.

పాప వచ్చాక రెండు రోజులు పడుకోనివ్వండి. అన్నం దగ్గర కూడా ఎక్కువ అడగకండి, తనే చెప్తుంది. ఆదివారం సంఘం ముందు నిలబెట్టి పాట పాడించడం ఇంకో వారం ఆగినా కొంపేమీ మునగదు.