డ్రైవ్ తెరుచుకుంటోంది, కాపీ మాత్రం అవ్వట్లేదు

ప్రశ్న: సిరిమానోత్సవం ఫోటోలన్నీ 1 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉన్నాయండి. స్టూడియోలో విండోస్, ఇంట్లో ఉబుంటు లినక్స్. ఇంట్లో పెడితే పాతవి కనిపిస్తున్నాయి గానీ, కొత్తవి కాపీ చేయబోతే ‘రీడ్ ఓన్లీ’ అంటోంది. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే సీహెచ్‌మాడ్ 777 కమాండ్ కొట్టినా ఫలితం లేదు. డ్రైవ్ పోయినట్టేనా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అప్పుడే టెన్షన్ పడకండి. రెండు చోట్లా వాడుతున్నారంటే అది బహుశా ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ ఫార్మాట్) డ్రైవే, అలాంటిదాన్ని విండోస్‌లో ‘ఎజెక్ట్’ కొట్టకుండా లాగేసినా, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండి సిస్టమ్ సగం నిద్రలోనే ఆగినా, లోపల లెక్క తేలలేదని లినక్స్ రాయడానికి ఒప్పుకోకపోవచ్చు. మంచిదే, లేకపోతే ఫోటోలకే ఎసరు. ముందు వేరేచోట ఒక కాపీ తీసుకోండి. తర్వాత స్టూడియోలో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్‌లో ‘చెక్’ నొక్కి, పద్ధతిగా ఎజెక్ట్ చేసి తీయండి. చాలావరకు దీంతోనే సరిపోతుంది.

ఇక ఆ 777 సంగతి. ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద అనుమతులు మామూలుగా మౌంట్ అయ్యేటప్పుడే, అంటే డ్రైవ్ సిస్టమ్‌కి జత అయ్యేటప్పుడే ఖాయమవుతాయి, అందుకే పని చేయలేదు. డ్రైవ్ లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 అయితే కథ వేరు, అక్కడ రూట్ (అడ్మిన్) పేరున ఉన్న ఫోల్డర్‌ని, యజమానిని మార్చే సుడో చౌన్ కమాండ్‌తో మీ పేరుకి మార్చుకుంటే చాలు, అందరికీ తలుపులు తెరిచే 777 అక్కడా వద్దు.