గాలిమర రెక్కను ఎందుకు కరిగించలేం?

ప్రశ్న: ఇరవై పాతికేళ్లు తిరిగిన గాలిమర రెక్కలను చాలాచోట్ల భూమిలో పూడ్చేస్తున్నారని చదివాను. ఇనుములా వీటిని కరిగించి మళ్లీ వాడుకోలేమా? తయారీలోనే ఏదైనా మార్పు సాధ్యమా?

జవాబు: ఈ చిక్కు రెక్క తయారైన రోజే మొదలవుతుంది. పొడి గాజుపీచు బట్టను అచ్చులో పొరలుగా పరిచి, మధ్యమధ్య తేలికైన బాల్సా చెక్కనో నురుగు పలకలనో అమర్చి, పైన ప్లాస్టిక్ పొర కప్పి, పంపుతో లోపలి గాలిని లాగేస్తారు. అప్పుడు గొట్టాల ద్వారా వదిలిన ఎపాక్సీ రెజిన్, అంటే తరువాత గట్టిపడే జిగురులాంటి ద్రవం, బట్టలోకి మెల్లగా పాకుతుంది. తడిసిన మేర రంగు ముదురుతూ ముందుకు సాగడం పై పొరలోంచి కంటికి కనిపిస్తుంది. అరచేయంత చోటు పొడిగా మిగిలినా, బట్టలో ముడత పడినా, కోట్లసార్లు వంగే ఆ రెక్కలో పగులు అక్కడే పుట్టవచ్చు.

గట్టిపడేటప్పుడు ఎపాక్సీ అణువులు రసాయన బంధాలతో ఒకే వలగా అల్లుకుపోతాయి. వేడిచేస్తే ఆ వల మాడుతుందే తప్ప కరగదు. సిమెంటు బట్టీలో వేస్తే రెజిన్ ఇంధనమవుతుంది, గాజు సిమెంటులో కలుస్తుంది. పూడ్చడంకంటే ఇది నయమే కానీ, పీచుగా దానికున్న బలం పోయినట్లే.

పరిశోధన రెండు దారుల్లో నడుస్తోంది. మొదటిది, వేడికి మెత్తబడే థర్మోప్లాస్టిక్ రెజిన్. ఆర్కెమా సంస్థ రూపొందించిన ఎలియం రెజిన్‌తో ఫ్రాన్స్ నేతృత్వంలోని జీబ్రా ప్రాజెక్టు 2022లో 62 మీటర్ల రెక్కను తయారుచేసింది. ఇలాంటి రెక్క భాగాలను జిగురుకు బదులు వేడితో అతికించే వీలుంది. అయితే రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడి మందమైన చోట్ల బయటికి పోలేక, ద్రవం మరిగి బుడగలు చిక్కుకునే ప్రమాదం ఉంది.

రెండో దారిలో రెజిన్ ఎపాక్సీయే, కానీ దాని బంధాలు తేలికపాటి ఆమ్లంలో విడిపోయేలా ఉంటాయి. గాలిమరల తయారీ సంస్థ సీమెన్స్ గమేసా 2021లో ప్రకటించిన ఇలాంటి రెక్కలను మరుసటి ఏడాది జర్మనీ సముద్రజలాల్లోని కాస్కాసి గాలిమరల కేంద్రంలో బిగించారు. అచ్చులూ పంపులూ దాదాపు పాతవే సరిపోతాయి కనుక, కర్మాగారాలకు ఇదే ముందుగా అందే దారి అని నా అభిప్రాయం. కాకపోతే పాతికేళ్ల తరువాత రెక్కను దించేవారికి అది ఏ రెజినో తెలియాలి. ఆ వివరాన్ని రెక్క మొదలు భాగంలోనే చెరిగిపోకుండా ముద్రించడం ఇప్పుడే తప్పనిసరి చేయాలి.