శ్రావణికి పెద్దమ్మ ఉత్తరం: స్కాట్లాండ్ కోటలు, కారు దారులు

డండీ

చి. సౌ. శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రయాణ పట్టిక చూశాను. వారం రోజుల్లో పదమూడు కోటలు, స్కై దీవి, అవి చాలవన్నట్టు ఉత్తర తీరమంతా చుట్టివచ్చే ఐదు వందల మైళ్ల దారి. ఎర్ర పెన్ను తీసుకుని సగానికి పైగా కొట్టేశాను. కోపం తెచ్చుకోకు. నువ్వు మైళ్లు లెక్కపెట్టావు, హైలాండ్స్ అనే ఈ ఉత్తరపు కొండసీమలో గంటలు లెక్కపెట్టాలి. ఫోను మ్యాపు రెండు గంటలంటే నువ్వు మూడని రాసుకో. ముందు ఒక క్యారవాన్ నత్తనడక నడుస్తుంది, గొర్రెలు రోడ్డు మధ్య పడుకుంటాయి, మీ అమ్మ ప్రతి మలుపులోనూ కారు ఆపమంటుంది. ఆపాలి కూడా. అందుకే రోజుకు ఒక కోట, ఒక లోయ. అంతకు మించి పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. గోల్కొండలాగా ఊరంత కోటలు వెతుక్కుంటూ వస్తే నీకు నిరాశే. హైలాండ్ కోటల్లో చాలావాటిని అరగంటలో చుట్టేయవచ్చు. ఒక వంశపు పెద్ద, అతని పరివారం ఉండటానికి కట్టుకున్న రాతి బురుజు ఇల్లు, దాని చుట్టూ ఒక ప్రహరీ, అంతే. గోడలు మాత్రమే చూసి పెదవి విరిచి వెళ్లిపోయేవాళ్లను ఎందరినో చూశాను. ఆ గోడ అక్కడే ఎందుకు లేచిందో చూడాలి. ఏ కనుమకు కాపలా, ఏ నీటికి కాపలా, శత్రువు ఎటునుంచి రావాలి? ఈ ప్రశ్నలు మనసులో ఉంటే, కోట ఇంకా రెండు మైళ్ల దూరంలో ఉండగానే చూడటం మొదలవుతుంది. టూరు బస్సులో కునుకు తీస్తూ వచ్చేవాళ్లకు ఇది దొరకదు. కారు తీసుకోమని నేను చెప్పేది ఇందుకే.

ఎడిన్‌బరాలో మాత్రం కారు వద్దు. పార్కింగ్‌కు అయ్యే ఖర్చుతో మంచి భోజనం చేయవచ్చు. అక్కడి కోటకు ముందుగానే టికెట్లు తీసుకోండి, వేసవిలో అప్పటికప్పుడు దొరకడం కష్టం. ఆదివారం కాకుండా చూసుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకు పేల్చే ఫిరంగి చూడవచ్చు. 1861 నుంచి నడుస్తున్న ఆచారం అది. లోపల స్కాట్లాండ్ రాజుల కిరీటం, ఖడ్గం, రాజదండం ఉన్నాయి. వాటిని శ్రద్ధగా చూసి గుర్తుపెట్టుకో, చివరి రోజున పనికొస్తాయి. నగరం అయిపోయాక ట్రామ్‌లో విమానాశ్రయానికి వెళ్లి కారు అక్కడ తీసుకుంటే, ఊరి రద్దీలోకి రాకుండానే నేరుగా స్టర్లింగ్ దారి పట్టవచ్చు.

కారు బుక్ చేసేటప్పుడు ఆటోమేటిక్ గేరు అని స్పష్టంగా అడుగు. అడగకపోతే మామూలు గేర్ల బండి ఇస్తారు. మన లైసెన్సు మీద సందర్శకులు ఇక్కడ పన్నెండు నెలల వరకు నడపవచ్చు. కానీ కొన్ని అద్దె సంస్థలు అంతర్జాతీయ పర్మిట్ కూడా అడుగుతాయి, అది తెచ్చుకుంటే గొడవ ఉండదు. డిపాజిట్ కోసం నీ పేరు మీదున్న క్రెడిట్ కార్డు కావాలి, అల్లుడి కార్డు చెల్లదనవచ్చు. పెద్ద బండికి ఆశపడకు. ఐదుగురికి, నాలుగు పెట్టెలకు సరిపోయేంతది చాలు, ఇరుకు దారుల్లో నాకు థ్యాంక్స్ చెబుతావు.

నడపడం సంగతి. ఇక్కడా ఎడమ వైపే కాబట్టి సగం భయం పోయినట్టే. మిగతా సగం అలవాట్లది. రౌండబౌట్ దగ్గర కుడి నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి, ముక్కు దూర్చినవాడిదే దారి అనుకోకూడదు. హారన్ ఉందన్న మాటే మరిచిపో. అన్నిటికంటే ముఖ్యమైనది హెడ్‌లైట్. మన దగ్గర ఎదుటి బండి లైటు కొడితే ‘నేను వస్తున్నా, తప్పుకో’ అని. ఇక్కడ పల్లె దారుల్లో ఎదుటివాడు లైటు కొడితే సాధారణంగా ‘నువ్వు రా, నేను ఆగాను’ అని. ఈ ఒక్కటి తెలియక మనవాళ్లు ఇద్దరూ ఆగిపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటారు. అయినా అవతలి బండి నిజంగా ఆగిందని చూసుకున్నాకే కదులు.

ఒంటి వరుస రోడ్ల గురించి కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే అవి రాకపోతే ఈ యాత్రే రాదు. రోడ్డు ఒక కారుకే సరిపోతుంది. అక్కడక్కడ పక్కకు వెడల్పు చేసి ‘పాసింగ్ ప్లేస్’ అని బోర్డు పెడతారు. అది నీ ఎడమ వైపు ఉంటే అందులోకి జరిగి ఆగు. కుడి వైపు ఉంటే అందులోకి దూరకు, దానికి ఎదురుగా నీ వైపే ఆగు, ఎదుటి బండే అందులోంచి చుట్టుకుని పోతుంది. గుట్ట ఎక్కుతున్న బండికి దిగేవాళ్లు దారి ఇవ్వాలి. వెనక ఎవరైనా తొందరలో ఉంటే పక్కకు తప్పుకుని పోనివ్వు. పాపం వాళ్లు ఆ ఊరివాళ్లు, పనికి పోతుంటారు, మనమే తీరికగా తిరగడానికి వచ్చినవాళ్లం. ఎవరు దారి ఇచ్చినా చేయెత్తి పలకరించు. ఫొటో కోసం ఆ స్థలంలో కారు నిలిపావంటే మాత్రం వాళ్ల శాపనార్థాలు డండీ దాకా వినిపిస్తాయి. బోర్డు మీద తెల్లటి వలయంలో నల్ల అడ్డగీత కనిపిస్తే మామూలు రెండు వైపుల రోడ్డు మీద గరిష్ఠం గంటకు 60 మైళ్లు. అది హద్దు, ఆ వేగంతో పొమ్మని ఎవరూ అడగలేదు.

పెట్రోలు సగానికి రాగానే నింపించు. ఇక్కడ సాధారణంగా ఆకుపచ్చ పైపు పెట్రోలుది, నల్లది డీజిలుది. ఫోను సిగ్నల్ లోయల్లో పోతుంది, మ్యాపులు ముందే దించి పెట్టుకో. ఇంకో చిన్న సంగతి: గాలి రోజుల్లో కారు తలుపు చేత్తో పట్టుకుని తియ్యి, లేకపోతే కీళ్లు విరిగేలా వెనక్కి కొడుతుంది. ఇది మీ నాన్నకు ప్రత్యేకంగా చెప్పు.

ఇక దారి. మొదట స్టర్లింగ్. అన్నిటిలో ఒక్కటే చూడగలమంటే నేను దీన్నే చూడమంటాను, ఎడిన్‌బరా కోటను కాదు. కోట బురుజు మీద నిలబడి ఉత్తరానికి చూడు. కింద ఫోర్త్ నది మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. శతాబ్దాల పాటు సైన్యం దాటడానికి వంతెన ఉన్న ఆఖరి చోటు ఇదే, తూర్పున నది వెడల్పై సముద్రంలో కలుస్తుంది, పడమట బురద నేలలు. దక్షిణం నుంచి హైలాండ్స్‌కు పోవాలంటే ఈ కొండ కిందుగానే పోవాలి. అందుకే యుద్ధాలన్నీ ఈ చుట్టుపక్కలే జరిగాయి. 1297లో స్కాట్లాండ్ వీరుడు వాలెస్ మనుషులు స్టర్లింగ్ వంతెన దగ్గర ఇంగ్లండ్ సైన్యాన్ని ఓడించారు, 1314లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ బానక్‌బర్న్‌లో గెలిచాడు. రెండు చోట్లూ ఈ కొండకు కూతవేటు దూరమే. లోపల నాలుగో జేమ్స్ కట్టించిన పెద్ద సభామందిరానికి బంగారు పసుపు సున్నం వేశారు. మొదట చూస్తే కొత్త కల్యాణ మండపంలా అనిపించి మీ అమ్మ నవ్వుతుంది. కానీ ఆ రోజుల్లో కోటలకు రంగులుండేవి, బూడిద రంగు రాళ్లు మనం తరవాత అలవాటు పడినవి. తొమ్మిది నెలల పసిపాప మేరీకి 1543లో ఇక్కడే కిరీటం పెట్టారు.

అక్కణ్ణుంచి వెళ్లి ఏ82 రోడ్డు ఎక్కితే గ్లెన్‌కో లోయ. ఇక్కడ చూడటానికి కోట లేదు, లోయే కోట. రెండు పక్కల నల్లటి కొండలు దగ్గరగా వచ్చి ఆకాశాన్ని ఇరుకు చేస్తాయి. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున, దాదాపు రెండు వారాలుగా తమకు ఇళ్లలో తిండి పెట్టి ఆశ్రయమిచ్చిన మెక్‌డోనల్డ్ వంశస్థుల మీద ప్రభుత్వ సైనికులే కత్తి దూశారు. 38 మంది చనిపోయారు. వంశపు పెద్ద కొత్త రాజు విలియంకు విధేయత ప్రమాణం కొన్ని రోజులు ఆలస్యంగా చేయడమే నేరం. అదే ఏడు, పదవి పోయిన పాత రాజు పక్షం చేతికి చిక్కకూడదని, లాక్ నెస్ సరస్సు ఒడ్డునున్న అర్కర్ట్ కోటను వదిలిపోతూ అందులోని రాజు సైనికులే మందుగుండు పెట్టి పేల్చేశారు. నువ్వు రెండు రోజుల తరవాత ఆ శిథిలాల ముందు నిలబడతావు. రెండూ ఒకే గొడవ ముక్కలని పిల్లవాడికి కారులోనే చెప్పు, అప్పుడు వాడు లాక్ నెస్‌లో ఉందని చెప్పుకునే రాక్షసి కోసం మాత్రమే వెతకడు.

ఫోర్ట్ విలియంలో రాత్రి ఉండి, వీలుంటే గ్లెన్‌ఫినన్ చూడండి. రైలు వంతెన కోసం జనం ఎగబడతారు. పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. తరవాత ఐలీన్ డోనన్. క్యాలెండర్ల మీద చూసిందే, మూడు సముద్రపు పాయలు కలిసే చోట చిన్న ద్వీపం మీద. 1719లో ఆ పాత రాజవంశపు పక్షానికి సాయంగా వచ్చిన స్పెయిన్ సైనికులు అందులో ఉండగా బ్రిటన్ యుద్ధనౌకలు దాన్ని కొట్టి పేల్చేశాయి. రెండు వందల ఏళ్లు మొండి గోడలుగా పడి ఉంటే, మెక్‌రే వంశీకుడొకరు 1912 నుంచి 1932 వరకు తిరిగి కట్టించారు. అంటే ఇప్పుడు కనిపించే కట్టడంలో చాలాభాగం నూరేళ్ల నాటిది. లోపలికి వెళ్లకపోయినా పరవాలేదని నా అభిప్రాయం. సాయంత్రం బస్సులు పోయాక ఎదుటి ఒడ్డున కూర్చోండి, జూన్‌లో పది దాటినా వెలుగు ఉంటుంది. స్కై దీవి అక్కడికి దగ్గరే, వంతెన ఉంది, కానీ రెండు రాత్రులు ఇవ్వలేకపోతే వెళ్లకు. ఉత్తర తీరపు దారి ఈసారికి పూర్తిగా వదిలేయ్. అందులో బెలాఖ్ నా బా అనే కనుమ 626 మీటర్ల ఎత్తుకు పాము మెలికలతో ఎక్కుతుంది, కొత్త చేతులకు తగదు.

అర్కర్ట్ తరవాత ఇన్వర్నెస్. దాని పక్కనే కలోడన్ మైదానం. 1746 ఏప్రిల్ 16న ఆ పాత రాజవంశపు పక్షానికీ ప్రభుత్వ సైన్యానికీ ఇక్కడ జరిగిన యుద్ధం గంటలోపే ముగిసింది, దానితో వంశాల పాలనకు వెన్ను విరిగింది. చదును నేల, మీ అమ్మ మోకాళ్లకు ఇబ్బంది లేదు. ఆ తరవాత ప్రభుత్వం సముద్రం ఒడ్డున కట్టిన ఫోర్ట్ జార్జ్ చూస్తే తేడా తెలుస్తుంది. ఎత్తైన బురుజు ఇల్లు లేదు, ఫిరంగులను తట్టుకోవడానికి రాతి తొడుగుతో పొట్టిగా బలిసిన మట్టి గోడలు. 1769లో పూర్తయింది, దాని మీద ఎవరూ దాడి చేయలేదు.

మీ నాన్న కోసం ఒక మాట. ఇన్వర్నెస్‌కు ఉత్తరంగా ఏ9 మీద అరగంట పోతే, ఫైరిష్ కొండ మీద మూడు తోరణాల రాతి కట్టడం కనిపిస్తుంది. 1781లో నాగపట్నాన్ని డచ్చివాళ్ల నుంచి గెలిచిన బ్రిటిష్ సేనాని హెక్టర్ మన్రో, ఆ ఊరి కోట ద్వారం పోలికతో కట్టించుకున్నాడు. ఇంకా పడమట, ఓడలో పోవలసిన లూయిస్ దీవిలో స్టోర్నొవే అనే ఊరుంది. మన గ్రామాల కైఫీయత్తులు సేకరించిన కాలిన్ మెకంజీ పుట్టింది అక్కడే. ఆ పనిలో ఆయనకు సాయపడిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లు వినగానే మీ నాన్న కళ్లు వెలుగుతాయని తెలుసు, కానీ ఈ వారంలో ఆ దీవికి వీలుకాదు. కొండ మీది తోరణాలతో సరిపెట్టుకోమను.

తిరుగు దారిలో కెయిర్న్‌గార్మ్స్ కొండల మీదుగా లెఖ్ట్ కనుమ దాటి డీ లోయలోకి దిగండి. చలికాలంలో మంచుకు తరచు మూసేసే దారి, జూన్‌లో భయం లేదు. 1626లో పూర్తయిన క్రెయిగివార్ గులాబి రంగు కోటను బయటి నుంచి చూసినా చాలు. చివరిది డనాటర్, స్టోన్‌హేవెన్ పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద. ఎడిన్‌బరాలో చూసిన కిరీటం ఇక్కడ పనికొస్తుందన్నానుగా. 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం నుంచి దాన్ని ఇక్కడే దాచారు. ఎనిమిది నెలలు ముట్టడి జరిగింది. కోట లొంగేలోపే కిరీటాన్ని రహస్యంగా బయటికి చేర్చి, కొద్ది మైళ్ల దూరంలో కినెఫ్ చర్చి నేల కింద పాతిపెట్టారు. ఆ పనిలో ఆ చర్చి పాస్టరు భార్యది ప్రధాన పాత్ర. కోటకు రెండు వందలకు పైగా మెట్లు దిగి ఎక్కాలి. మీ అమ్మ కొండ అంచున బాట మీదే ఉండిపోవచ్చు, అక్కణ్ణుంచి కనిపించేదే అసలు దృశ్యం. గాలి ఎక్కువైతే గేటు మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకో.

టికెట్ల విషయం: ఎడిన్‌బరా, స్టర్లింగ్, అర్కర్ట్, ఫోర్ట్ జార్జ్ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ సంస్థ కిందివి, వాటికి ఎక్స్‌ప్లోరర్ పాస్ ఉంటుంది, విడి టికెట్లతో పోల్చి లెక్క వేసుకో. కలోడన్, క్రెయిగివార్ నేషనల్ ట్రస్ట్ అనే వేరే సంస్థవి. ఐలీన్ డోనన్, డనాటర్ ప్రైవేటువి, విడిగా కొనాలి. ఆఖరి ప్రవేశం మూసే వేళకు చాలా ముందే ఆగిపోతుంది.

ఆసుపత్రిలో జీవితమంతా పనిచేసినదాన్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. మిడ్జ్ అనే పురుగు దోమ కంటే చిన్నది, గాలి ఆగిన సాయంత్రాలు గుంపుగా వస్తుంది. తలకు వల టోపీ కొను, అందచందాలు చూసుకోకు. పొడవు గడ్డిలో నడిచాక పిల్లవాడి కాళ్లు, మోకాళ్ల వెనక పిడుదుల కోసం చూడు. వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. అల్లుడికి విస్కీ తయారీ చూడాలని ఉందట, వెళ్లండి, కానీ స్టీరింగు పట్టేవాళ్లు చుక్క ముట్టవద్దు. ఇక్కడి హద్దు ఇంగ్లండ్ కంటే తక్కువ. చాలాచోట్ల డ్రైవరు వాటాను చిన్న సీసాలో కట్టి ఇస్తారు.

తిండికి, పల్లె హోటళ్ల వంటిళ్లు రాత్రి ఎనిమిదికే చల్లారతాయి. కోటల క్యాంటీన్లలో పప్పు సూప్ దొరుకుతుంది, మన మైసూరు పప్పుతోనే. కానీ అందులో పంది మాంసం వేసే అలవాటుంది, అమ్మకు ఇప్పించే ముందు అడుగు.

చివరి రాత్రికి గది తీసుకోవద్దు. డనాటర్ నుంచి మా ఇల్లు ఎడిన్‌బరా దారిలోనే, పులిహోర కలిపి ఉంచుతాను. మార్చిన పట్టికను ఆదివారంలోగా పంపు, ఈసారి మైళ్లు కాకుండా గంటలు రాసి. గోంగూర పచ్చడి సీసాకు మూత గట్టిగా బిగించమని మీ అమ్మకు చెప్పు.

మీ
పెద్దమ్మ