డైరెక్ట్ తాతకి, ఇండైరెక్ట్ మనవడికి... ముందు ఆపరేషన్ ఎవరికి?

ప్రశ్న: నా వయసు 61. తాడేపల్లిగూడెంలో రైస్‌మిల్లు కాటా దగ్గర పనిచేసి మానేశాను. కొంతకాలంగా నిలబడితే రెండు గజ్జల్లోనూ ఉబ్బు వస్తోంది, పడుకుంటే పోతుంది. నొప్పి పెద్దగా లేదు. స్కానింగ్‌లో డైరెక్ట్ ఇంగ్వైనల్ హెర్నియా (గజ్జల్లో పేగు జారే జబ్బు) అన్నారు. మా మనవడికి ఐదో నెల. ఏడ్చినప్పుడల్లా కుడి గజ్జ నుంచి బీజాల సంచి దాకా వాపు దిగుతోంది. వాడిది ఇండైరెక్ట్ అట. డైరెక్ట్ అంటే ముదిరిందేమోనని ముందు నేను చేయించుకుని, పిల్లవాడికి నడక వచ్చాక చూద్దామనుకుంటున్నాం. నా జబ్బే వాడికి వచ్చిందా?

జవాబు: మీరు వేసుకున్న వరస తిరగేయండి. ముందు మనవడు, తర్వాతే మీరు. ఎందుకో తెలియాలంటే లోపలి కట్టడం కాస్త తెలియాలి.

మీ చేత్తోనే తడిమి చూసుకోండి. నడుం పక్కన ముందువైపు ఒక ఎముక కొన తగులుతుంది. కింద, పొత్తికడుపు అడుగున, మధ్యగీతకు కొంచెం పక్కగా మరో చిన్న ఎముక బుడిపె ఉంటుంది. ఈ రెంటినీ కలుపుతూ ఏటవాలుగా సాగే గట్టి పట్టీయే ఇంగ్వైనల్ లిగమెంట్. దాని నడిమధ్యకు సుమారు ఒకటింపావు సెంటీమీటరు పైన, కండరాల లోతున ఒక రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి కింది బుడిపె దగ్గరున్న రెండో రంధ్రం దాకా పెద్దవాళ్లలో 4 సెంటీమీటర్ల వాలు దారి. వృషణానికి వెళ్లే రక్తనాళాలు, అక్కడి నుంచి వచ్చే వీర్యనాళం ఇందులోంచే నడుస్తాయి.

లోపలి రంధ్రాన్ని ఆనుకుని, మధ్యగీత వైపున, ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ అనే ధమని పైకి వెళ్తుంది. రెండు చేల మధ్య గట్టులాంటిది అది. గట్టుకు బయటివైపున, ఆ రంధ్రంలోంచి దిగితే ఇండైరెక్ట్. లోపలివైపున నేరుగా గోడనే తోసుకొస్తే డైరెక్ట్. ముదరడానికీ ఈ పేర్లకూ సంబంధమే లేదు. ఆపరేషన్ టేబుల్ మీద మేం తేల్చుకునేదీ ఈ ధమనిని చూసే. హెర్నియా సంచి (పొట్ట లోపలి పొర ఉబ్బి వచ్చే తిత్తి) మెడ పక్కన వేలు పెడితే నాడి ఏ వైపు కొట్టుకుంటోందో తెలిసిపోతుంది. నిలబెట్టి, లోపలి రంధ్రం మీద బొటనవేలు అదిమి దగ్గమనే పరీక్ష కూడా ఉంది కానీ, ఎంత అనుభవమున్నా అది తప్పుతూనే ఉంటుంది. కొందరికి గట్టుకు రెండు వైపులా ఒకేసారి వస్తుంది కూడా.

ఇక మీ మనవడి సంగతి. తల్లి కడుపులో వృషణాలు మొదట మూత్రపిండాల దగ్గర తయారై, ఏడో నెల తర్వాత ఈ దారిలోనే కిందికి దిగుతాయి. వాటితోపాటు పొట్ట లోపలి పొర సన్నని సంచిలా సాగి వస్తుంది. పుట్టే వేళకో, తర్వాత కొన్నాళ్లకో అది మూసుకుపోవాలి. మూసుకోకపోతే పేగు అందులోకి జారుతుంది. కుడివైపుది ఆలస్యంగా మూసుకుంటుంది కాబట్టి ఆ వైపే ఎక్కువ చూస్తాం. ఇలాంటివి కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే మాట నిజమే. అంతేగానీ మీ గజ్జల్లో ఈ వయసులో గోడ పలచబడటం వల్ల వాడికి రాలేదు. రెండింటి పుట్టుకే వేరు.

పసివాళ్లలో సంచి మెడ ఇరుకు. పేగు దిగి ఇరుక్కుపోతే దాని రక్తసరఫరాతోపాటు వృషణానిదీ దెబ్బతినొచ్చు. ఈ ప్రమాదం మొదటి ఏడాదిలోనే ఎక్కువ. నడక వచ్చేదాకా ఆగొద్దనేది అందుకే. బొడ్డు హెర్నియా చాలామందికి నాలుగైదేళ్లలో తనంతట తానే మూసుకుంటుంది (మన ఇళ్లలో రూపాయి బిళ్ల కట్టి, ఆ ఘనత బిళ్లకే ఇస్తారు). గజ్జల్లోది అలా కాదు. ఆపరేషన్ పెద్దదేమీ కాదు. గజ్జ మడతలో చిన్న కోత పెట్టి, సంచిని మెడ దగ్గర ముడేసి కత్తిరిస్తారు. గోడ బాగానే ఉంటుంది కాబట్టి మెష్ (గోడకు బలంగా కుట్టే వల) అక్కర్లేదు. పీడియాట్రిక్ సర్జన్, పసిపిల్లలకు మత్తివ్వడం అలవాటున్న డాక్టరు ఉన్నచోట చేయించండి. ఈలోగా వాపు గట్టిపడి లోపలికి పోకపోయినా, పిల్లాడు ఊరుకోకుండా ఏడ్చినా, పసరు వాంతులైనా అర్ధరాత్రయినా ఆస్పత్రికి బయలుదేరండి.

మీది వేరే కథ. ధమని ఒక అంచు, లిగమెంట్ ఒక అంచు, పొట్ట మధ్య నిలువు కండరం మరో అంచు. ఈ మూడింటి మధ్య పలచటి చోటు ఒకటి ఉంది. జర్మనీకి చెందిన ఫ్రాంజ్ కాస్పర్ హెసెల్‌బాక్ (1759–1816) పేరుతో దాన్ని హెసెల్‌బాక్ త్రికోణం అంటారు. అక్కడ వెనక గోడకు ముఖ్యమైన ఆధారం ఒక పలుచని పొర మాత్రమే. ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, ముక్కి మూత్రం పోయడం, బరువులు... వీటితో అది సాగుతుంది. మూతి వెడల్పు కాబట్టి పేగు ఇరుక్కోవడం అరుదు, బీజాల సంచిలోకి దిగడమూ అరుదే. పెద్దగా బాధ లేని మగవాళ్లు ఆగి చూడొచ్చని 2006లో అచ్చయిన అమెరికా అధ్యయనం ఒకటి చెప్పింది. అయితే అలా ఆగినవాళ్లలో చాలామంది తర్వాతి ఏళ్లలో నొప్పి పెరిగి ఆపరేషన్‌కే వచ్చారు. కాబట్టి మీకు టైముంది. ఆ టైములో సిగరెట్, బీడీ ఉంటే మానేయండి, ప్రోస్టేట్ చూపించుకోండి, దగ్గు తగ్గించుకోండి. లేకపోతే వేసిన మెష్ మీదా అదే ఒత్తిడి. హెర్నియా బెల్టు కొనకండి. అది నయం చేయదు, వాపు లోపలికి పోకుండా బిగిస్తే హాని కూడా.

ప్రశ్న: ఆడవాళ్లకు గజ్జల్లో హెర్నియా రాదంటారు, నిజమా? – ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: నిజం కాదు, తక్కువ అంతే. మీరు గమనించాల్సింది గజ్జ పట్టీకి కింద, తొడ మొదట్లో వచ్చే చిన్న బుడిపెను. అది ఫెమొరల్ హెర్నియా కావచ్చు. ఆడవాళ్లలోనే ఎక్కువ, మూతి ఇరుకు, ఇరుక్కుపోయే ప్రమాదమూ ఎక్కువే. దాన్ని ‘గడ్డలే’ అని ఊరుకోకుండా ఈ వారమే సర్జన్‌కి చూపించండి.