వెబ్‌సైట్‌లో క్యూఆర్ కోడ్ మార్చేశారు, ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ప్రశ్న: మాది మంగళగిరి. నేత చీరలు అమ్మడానికి సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నాం. నిన్న ఉదయం చూస్తే చెల్లింపు పేజీలో మా క్యూఆర్ కోడ్ లేదు, దాని స్థానంలో ఎవరిదో వేరే కోడ్ ఉంది. అప్పటికే కొందరు కస్టమర్లు దానికి డబ్బు కట్టేశారు. సాయంత్రానికి ‘బిట్‌కాయిన్ పంపకపోతే మీ కస్టమర్ల వివరాలు బయటపెడతాం’ అంటూ ఈమెయిల్ వచ్చింది. స్టేషన్‌కి వెళితే ‘ఇది మా పరిధి కాదు, సైబర్ క్రైమ్ వాళ్ల దగ్గరకు వెళ్లండి’ అన్నారు. మా సైట్ చూసే అబ్బాయి అంతా తుడిచేసి పాత బ్యాకప్ పెట్టేస్తానంటున్నాడు. మొదట సైట్ తయారు చేసినతనితో బిల్లు దగ్గర గొడవైంది, అతని మీదే మాకు అనుమానం. కస్టమర్లేమో మమ్మల్నే డబ్బు తిరిగిమ్మంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ అబ్బాయిని ఆపండి. అతను తుడిచేస్తానంటున్న ఫైళ్లలోనే మీ కేసంతా ఉంది. ఎవరు, ఏ ఐపీ అడ్రస్ నుంచి, ఎన్నింటికి లాగిన్ అయ్యారో, ఏ ఫైలు మార్చారో అక్కడే తెలుస్తుంది. సైట్‌ని ‘మరమ్మతులో ఉంది’ అనే పేజీ వెనక పెట్టేయండి, అమ్మకాలు ఆపేయండి. ఆ తర్వాత మొత్తం ఫైళ్లు, డేటాబేస్, సర్వర్ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు వచ్చి ఏం చేశారో సర్వర్ రాసుకునే రికార్డులు) ఉన్నవి ఉన్నట్టుగా ఒక కొత్త హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీయించండి. పాస్‌వర్డ్‌లు మార్చడం, బ్యాకప్ పెట్టడం అది పూర్తయ్యాకే. చిన్న హోస్టింగ్ ప్యాకేజీల్లో లాగ్‌లు చాలాసార్లు కొద్ది రోజులకే వాటంతటవే చెరిగిపోతుంటాయి. అందుకే ఈ రోజే మీ సైట్‌ని తన సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: ఫలానా తేదీ నుంచి మా ఖాతాకు సంబంధించిన లాగ్‌లన్నీ భద్రపరచండి, పోలీసులు అడిగితే ఇవ్వాల్సి ఉంటుంది అని. వాళ్లు జవాబివ్వకపోయినా మీరు అడిగినట్టు రుజువు ఉంటుంది.

కాపీ తీసేటప్పుడే దాని హ్యాష్ విలువ (ఫైళ్లు తర్వాత మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా లెక్కించి రాసిపెట్టమనండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇచ్చేటప్పుడు జతచేసే సర్టిఫికెట్‌లో ఈ విలువ రాయాలి. సర్టిఫికెట్‌లో ఒక భాగం ఆ కంప్యూటర్‌ను చూసుకునేవాళ్లు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వట్టి స్క్రీన్‌షాట్లు పట్టుకుని కోర్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. అవి కథ చెప్పడానికి పనికొస్తాయి, నిలబడాలంటే ఇది కావాలి. బెదిరింపు ఈమెయిల్‌ని కూడా డిలీట్ చేయకండి, ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి. హెడర్‌తో (మెయిల్ ఎక్కడి నుంచి ఏ దారిలో వచ్చిందో చూపే వివరాలతో) సహా అసలు మెయిల్‌ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఇక ఫిర్యాదులు. డబ్బు పోయిన కస్టమర్లు ఒక్కొక్కరూ తమ తరఫున తామే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు వెళ్లింది వాళ్ల ఖాతాల నుంచి కాబట్టి లావాదేవీ యూటీఆర్ నంబర్ (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) ఉండేది వాళ్ల దగ్గరే. ఆ డబ్బు ఇంకో ఖాతాకు మళ్లేలోపు సమాచారం అందితే బ్యాంకు దాన్ని నిలిపేసే అవకాశం ఉంటుంది. రేపు చేద్దాంలే అంటే ఆ అవకాశం దాదాపు పోయినట్టే. ఈ విషయం వాళ్లకు మీరే ఇప్పుడే వాట్సాప్‌లో చెప్పండి, ఆ తప్పుడు క్యూఆర్ కోడ్ ఫొటో, దాని యూపీఐ ఐడీ కూడా పంపండి. మీ వంతుగా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో విడిగా ఫిర్యాదు నమోదు చేయండి.

‘మా పరిధి కాదు’ అనే మాట ఇప్పుడు చెల్లదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, వాళ్లు జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా నమోదు చేసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపేది) రాయాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపొచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఐటీ చట్టం నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదా ఉన్నవాళ్లే దర్యాప్తు చేయాలని సెక్షన్ 78లో ఉంది, బహుశా మిమ్మల్ని పంపేసింది అందుకే. కానీ దర్యాప్తు ఎవరు చేస్తారన్నది వేరు, ఫిర్యాదు తీసుకోవడం వేరు. మళ్లీ కాదంటే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర అదే సురక్షా సంహిత సెక్షన్ 175(3) కింద దరఖాస్తు వేయొచ్చు. ఫిర్యాదులో సెక్షన్లు రాయడం మీ పని కాదు, జరిగింది వరసగా రాస్తే చాలు. తెలుసుకోవడానికి చెబుతున్నాను: అనుమతి లేకుండా సైట్‌లోకి చొరబడి మార్పులు చేయడం ఐటీ చట్టం సెక్షన్ 43తో కలిపి 66 కిందకు వస్తుంది, మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. మీ పేరుతో కస్టమర్లను మోసం చేసినందుకు 66డి, బెదిరింపు వసూలుకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308.

చాలామందికి తెలియనిది సెర్ట్-ఇన్ సంగతి. కేంద్ర ఐటీ శాఖ కింద పనిచేసే ఈ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వెబ్‌సైట్‌లోకి చొరబడి మార్పులు చేస్తే, డేటా బయటికి పోతే, విషయం మీకు తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. చిన్న వ్యాపారాలకు కూడా ఇది 2022 సెప్టెంబర్ 25 నుంచి వర్తిస్తోంది. మీకు గడువు దాటిపోయింది, టెన్షన్ పడకండి, ఇప్పుడైనా పంపండి. ఎప్పుడు గమనించారో నిజం రాయండి, సమయం వెనక్కి జరపొద్దు. వాళ్ల టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-4949. అక్కడ చెప్పినంత మాత్రాన ఎఫ్ఐఆర్ అయినట్టు కాదు, పోలీసులకు చెప్పినంత మాత్రాన అక్కడ చెప్పినట్టూ కాదు. లాగ్‌లు 180 రోజులు దాచాలన్నదీ ఆ ఆదేశాల్లోనే ఉంది, కొత్త హోస్టింగ్ తీసుకునేటప్పుడు ఈ మాట అడగండి.

బిట్‌కాయిన్ పంపొద్దు. బాధితులు పంపితే నేరమని నేరుగా చెప్పే సెక్షన్ లేదు నిజమే. కానీ పంపాక వాళ్లు డేటా చెరిపేశారని మీకు ఎవరు రసీదు ఇస్తారు? ఇచ్చేవాళ్లని తెలిస్తే మళ్లీ అడుగుతారు.

పాత డిజైనర్ విషయంలో జాగ్రత్త. అనుమానం నిజమే కావొచ్చు. అయినా ‘అతనే చేశాడు’ అని ఫిర్యాదులో రాయకండి, కస్టమర్ల గ్రూపుల్లో అసలే రాయకండి, పరువునష్టం కేసు మీ మీదకే వస్తుంది. ఫలానా తేదీ వరకు అడ్మిన్ పాస్‌వర్డ్ ఇతని దగ్గర ఉండేది, ఫలానా బిల్లు విషయంలో వివాదం ఉంది, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చలేదు: ఇంతవరకు రాయండి. (మార్చలేదనే అనుకుంటున్నాను, దాదాపు ఎవరూ మార్చరు.) మిగతాది లాగ్‌లు చెబుతాయి.

కస్టమర్ల డబ్బు మీరు కట్టితీరాలా? డబ్బు మీకు చేరలేదు కాబట్టి కట్టితీరాల్సిందేనని చెప్పలేం. అలాగని మీకేం సంబంధం లేదనీ చెప్పలేం. వాళ్లు కట్టింది మీ పేజీ చూసి. వినియోగదారుల కమిషన్‌కు వెళితే, సైట్‌ని సరిగ్గా చూసుకున్నారా, తెలిసిన వెంటనే ఆపారా అన్నదే చూస్తారు. ఐటీ చట్టం సెక్షన్ 43ఎ సొంత యాజమాన్యంలోని వ్యాపారాలకూ వర్తిస్తుంది. నిర్లక్ష్యం వల్ల సున్నితమైన సమాచారం పోయి నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఈ ‘సున్నితమైన సమాచారం’ కిందకు రావు, కస్టమర్ల పాస్‌వర్డ్‌లు వస్తాయి. మీ సైట్‌లో లాగిన్ ఖాతాలుంటే అందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పండి. కొత్త వ్యక్తిగత డేటా చట్టంలోని బాధ్యతలు 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి, అప్పుడు ఈ లెక్క మారుతుంది.

నా అభిప్రాయం అడిగితే, మొత్తం చిన్నదైతే చీర పంపేయడమో డబ్బు ఇచ్చేయడమో మేలు, పేరు మీద నడిచే వ్యాపారం కదా. ఇచ్చేటప్పుడు ‘బాధ్యత అంగీకరించకుండా, సద్భావంతో ఇస్తున్నాం, పోలీసులు డబ్బు తిరిగి రప్పిస్తే మాకు చెల్లించాలి’ అని రాయించుకోండి.

మీ నష్టానికి పరిహారం కావాలంటే క్రిమినల్ కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. ఐటీ చట్టం సెక్షన్ 46 కింద రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణేత అధికారిగా 5 కోట్ల రూపాయల వరకు క్లెయిమ్‌లు వింటారు. కాకపోతే ఎదుటి పక్షం ఎవరో తెలియాలి, కాబట్టి దర్యాప్తులో పేరు బయటపడ్డాకే అక్కడికి వెళ్లండి. ఈలోపు ఆగిన అమ్మకాల లెక్కలు, సైట్ బాగుచేయించిన బిల్లులు ఒక ఫైల్‌లో పెట్టుకోండి.