ఇంటర్ మాన్పించి పారా క్రీడల్లోకి పంపవచ్చా?

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు, పదహారేళ్లు నిండాయి. నాలుగేళ్ల కిందట వరికోత మిషన్‌లో చెయ్యి పడి, ఎడమ చేతిని మోచేతి కిందివరకు తీసేశారు. హైస్కూల్లో పీఈటీ సారు జావెలిన్ పట్టించారు. 700 గ్రాముల జావెలిన్‌ను 38 మీటర్ల దాకా విసురుతున్నాడు. దీప్తి జీవాంజికి పారిస్ పారాలింపిక్స్‌లో పతకం వచ్చి, ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించినప్పటి నుంచి చదువు మాన్పించి హైదరాబాద్‌లో కోచింగ్‌లో చేర్చమని పట్టుబడుతున్నాడు. నేను రెండెకరాల రైతును. బైపీసీ చదివే మా అమ్మాయి రోజూ వాడి వెంట గ్రౌండుకు వెళ్తోంది, తనకూ ఇలాంటి రంగంలోనే పని చేయాలని ఉందట. వాడిని పంపమంటారా?

జవాబు: క్రీడల్లోకి పంపండి, ఇంటర్ మాత్రం మాన్పించకండి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు వస్తాయన్న భయంతోనే మీరు ఉత్తరం రాశారని అర్థమైంది. అయితే మీ అబ్బాయి దీప్తి ఉన్న ఏ భారత పారాలింపిక్ జట్టును చూసి ఉత్సాహపడుతున్నాడో ఆ జట్టులోని వారి జీవితాలనే కాస్త దగ్గరగా చూస్తే, ఆ భయానికి పెద్దగా ఆధారం లేదని తెలుస్తుంది.

2016 రియో పారాలింపిక్స్‌కు మన దేశం పంపినది 19 మందిని, వచ్చినవి 4 పతకాలు. టోక్యోకు 54 మంది వెళ్లి 19 తెచ్చారు. 2024లో పారిస్‌కు 84 మంది వెళ్లి 7 స్వర్ణాలు, 9 రజతాలు, 13 కాంస్యాలు, మొత్తం 29 పతకాలతో 18వ స్థానంలో నిలిచారు. వాటిలో 17 అథ్లెటిక్స్‌లోనే వచ్చాయి. 2025లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో మరో 22 పతకాలు గెలిచారు. ఈ ఎదుగుదల వెనుక శిక్షణ శిబిరాలు, విదేశీ పోటీల అనుభవం, నెలనెలా అందే ఆర్థిక సాయం ఉన్నాయి కాబట్టి, ఇవాళ మీ అబ్బాయి వయసు పిల్లలకు ఇరవై ఏళ్ల కిందటి దివ్యాంగ క్రీడాకారులకు లేని దారి ఒకటి నిజంగానే ఏర్పడింది. దీన్ని నేను తక్కువ చేసి చెప్పను.

ఇక పారిస్ జట్టులో చదువుకున్నవారిని చూడండి. బ్యాడ్మింటన్‌లో స్వర్ణం గెలిచిన నితేశ్ కుమార్ 2009లో మన విశాఖపట్నంలోనే రైలు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత ఐఐటీ మండీలో చేరి, అక్కడ చదువుకుంటూనే బ్యాడ్మింటన్‌లో పట్టు సాధించారు. విలువిద్యలో స్వర్ణం తెచ్చిన హర్వీందర్ సింగ్ అర్థశాస్త్రంలో పరిశోధన చేసినవారు. బ్యాడ్మింటన్‌లో రజతం గెలిచిన తులసీమతి మురుగేశన్ పశువైద్య విద్యార్థిని. మరో రజత విజేత సుహాస్ యతిరాజ్ ఐఏఎస్ అధికారి. టోక్యోలోనూ పారిస్‌లోనూ షూటింగ్ స్వర్ణాలు గెలిచిన అవనీ లేఖరా న్యాయశాస్త్రం చదివింది. అందరికీ ఇలాంటి అవకాశాలు ఉన్నాయని నేను అనడం లేదు, కూలి పనిచేసే ఇళ్ల నుంచి వచ్చినవారూ ఆ జట్టులో ఉన్నారు. అయినా చదువు మానితే తప్ప పతకం రాదన్న మాటకు మాత్రం ఆ జాబితాలో రుజువు దొరకదు.

దీప్తి సంగతికి వద్దాం, ఎందుకంటే మీ అబ్బాయి మనసులో ఉన్నది ఆమే. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన ఆ అమ్మాయి మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి కేటాయించిన టీ20 విభాగంలో 400 మీటర్లు పరుగెత్తుతుంది. ఆమె ప్రతిభను బడిలోనే గుర్తించారు, తరువాత కోచ్ నాగపురి రమేశ్ శిక్షణలో పెరిగింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో పరుగు ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ ఫైనల్లో ఆమె సమయం 55.82, దక్కినది కాంస్యం. స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి సమయం 55.16. అంటే నాలుగు నెలల ముందు దీప్తి పరుగెత్తిన వేగమే ఆ రోజూ ఉండి ఉంటే స్వర్ణం ఆమెదే. సెకనులో ముప్పాతిక వంతు తేడా ఆమెను మొదటి స్థానం నుంచి మూడో స్థానానికి తెచ్చింది. దీప్తి గొప్పతనం దీనివల్ల ఏమాత్రం తగ్గదు. తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ఆమె పూర్తిగా సంపాదించుకున్నవే. కానీ ప్రపంచ రికార్డు నెలకొల్పిన మనిషికే ఫలితం చేతిలో ఉండదని మీ అబ్బాయి కూడా తెలుసుకోవాలి. పారిస్‌లో ఆడిన మన తెలుగువారిలో షాట్‌పుట్‌లో రొంగలి రవి, రోయింగ్‌లో కొంగనపల్లి నారాయణ, సైక్లింగ్‌లో షేక్ అర్షద్ కూడా ఉన్నారు. పతకం తెచ్చినది దీప్తి ఒక్కతే. మిగతా ముగ్గురూ ప్రపంచస్థాయి క్రీడాకారులే అయినా, కోటి రూపాయల ప్రకటనలు పతకం ఉన్న చోటికే వస్తాయి.

మీరు ముందుగా చేయవలసిన పని కోచింగ్ వెతకడం కాదు, వర్గీకరణ గురించి తెలుసుకోవడం. సదరం క్యాంపులో ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఎంత శాతం వైకల్యం ఉన్నా, పారా క్రీడల్లో ఏ విభాగంలో ఆడాలో ఆ శాతం నిర్ణయించదు. క్రీడా సమాఖ్య నియమించిన నిపుణులు శరీరాన్ని పరీక్షించి, ఆడుతుండగా గమనించి విభాగాన్ని ఖరారు చేస్తారు. జాతీయ పోటీలకు ఒకసారి, అంతర్జాతీయ పోటీలకు మరోసారి ఈ పరీక్ష జరుగుతుంది. ఒక చెయ్యి మణికట్టు దగ్గర గాని, అంతకన్నా పైన గాని కోల్పోయినవారు జావెలిన్‌లో సాధారణంగా ఎఫ్46 విభాగంలోకి వస్తారు. మీరు రాసిన వివరాలను బట్టి మీ అబ్బాయిదీ అదే కావచ్చు, కానీ ఆ మాట చెప్పవలసింది నిపుణులే. ఇది లాంఛనం కాదు. టోక్యోలో డిస్కస్ త్రో ఆడిన వినోద్ కుమార్‌కు కాంస్యం ఖాయమైన తరువాత, అతని వైకల్యం ఆ విభాగానికి సరిపోదని నిపుణుల బృందం తేల్చడంతో మర్నాడే ఆ పతకం చేజారింది. ఏళ్ల తరబడి చేసిన సాధన ఒక్క రోజులో లెక్కలోకి రాకుండా పోయింది. అందువల్ల వర్గీకరణ కాగితం చేతికి రాకముందు చదువు గురించి గాని, డబ్బు గురించి గాని పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇదే ప్రశ్న వినికిడి లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులూ అడుగుతుంటారు కనుక ఒక మాట: పారాలింపిక్స్‌లో ఆ వైకల్యానికి విభాగం లేదు, వారికి డెఫ్లింపిక్స్ వేరుగా జరుగుతాయి. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్ షూటింగ్‌లో స్వర్ణం గెలిచాడు.

ఇప్పుడు 38 మీటర్ల విషయం. పదహారేళ్ల వయసులో, కోచింగ్ ఏదీ లేకుండా, ప్రమాదం జరిగిన నాలుగేళ్లకే ఆ దూరం విసరడం మెచ్చుకోదగినది. అయితే ఎఫ్46 పురుషుల విభాగంలో జావెలిన్ బరువు 800 గ్రాములు కనుక, అదే సత్తువతో విసిరినా దూరం కొంత తగ్గుతుంది. పారిస్‌లో ఈ విభాగంలో క్యూబా క్రీడాకారుడు 66.14 మీటర్లతో స్వర్ణం గెలిస్తే, మన అజీత్ సింగ్ 65.62తో రజతం, సుందర్ సింగ్ గుర్జర్ 64.96తో కాంస్యం తెచ్చారు. మూడో భారతీయుడు రింకూ ఐదో స్థానంలో నిలిచాడు. ప్రపంచ రికార్డు 68.60 మీటర్లు, హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో దాన్ని నెలకొల్పినవాడు మన సుందరే. ఒక దేశం నుంచి ఒక పోటీకి ముగ్గురికి మించి పంపడానికి వీలుండదు కాబట్టి, మీ అబ్బాయికి అసలు పోటీ విదేశీయులతో కాదు, ఈ ముగ్గురితోనూ వారి వెనుక వరుసలో ఉన్న మరెందరితోనో. ఈ విభాగంలో గట్టి పోటీ మన దేశంలోనే ఉందన్నమాట. అతన్ని నిరుత్సాహపరచడానికి ఈ అంకెలు రాయలేదు. రజతం గెలిచిన అజీత్ కూడా పెద్దవాడయ్యాక రైలు ప్రమాదంలో చెయ్యి పోగొట్టుకుని ఆట మొదలుపెట్టినవాడే. 38 నుంచి 60 మీటర్లకు చేరడానికి ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లలో డిగ్రీ పూర్తి చేసుకునే సమయం తప్పకుండా దొరుకుతుంది. ఈలోగా షాట్‌పుట్, లాంగ్‌జంప్, 400 మీటర్ల పరుగు కూడా ప్రయత్నించమనండి. ఈ వయసులో శరీరం దేనికి అనువుగా ఉందో ఒక్క జావెలిన్‌తోనే తేల్చుకోకూడదు.

ఈ రెండేళ్లు ఎలా గడపాలో చెబుతాను. తెల్లవారుజామున, సాయంత్రం ఊళ్లోనే సాధన చేయించండి. సెలవు రోజుల్లో హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి తీసుకువెళ్లండి. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన సింథటిక్ ట్రాక్ అక్కడ ఉంది, జావెలిన్ తెలిసిన కోచ్‌లతో మాట్లాడే వీలూ కలుగుతుంది. దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఇంకా తీసుకోకపోతే వెంటనే దరఖాస్తు చేయండి. రాష్ట్ర పారా అథ్లెటిక్స్ ఎంపిక పోటీల తేదీలు జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. జాతీయ పోటీల్లోనూ, 2023లో మొదలైన ఖేలో ఇండియా పారా క్రీడల్లోనూ ప్రతిభ చూపినవారి మీద ఎంపికదారుల దృష్టి పడుతుంది. ఖేలో ఇండియా పథకానికి ఎంపికైతే నెలకు 10,000 రూపాయల భత్యం, పతకం తెచ్చే అవకాశం ఉన్నవారికి కేంద్రం సాయం చేసే ఒలింపిక్ పోడియం పథకంలోని ప్రధాన జాబితాకు చేరితే 50,000 రూపాయలు అందుతాయి. ఆ స్థాయికి రాకముందే ఎంపిక చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి, పొలం తాకట్టు పెట్టే ఆలోచనను దగ్గరికి రానీయకండి. ఇంటర్ ముగిశాక హైదరాబాద్‌లో స్టేడియానికి దగ్గరగా ఉన్న కళాశాలలో డిగ్రీలో చేర్చండి. అప్పటికి వర్గీకరణ పూర్తయి, అతని దూరం ఎంత పెరిగిందో కూడా మీకు తెలుస్తుంది.

చదువు కొనసాగితే చట్టం కూడా తోడుంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం ఖాళీలు కేటాయించాలి. ఆ నాలుగులో ఒక శాతం చేతులు, కాళ్ల వైకల్యం ఉన్నవారు కూడా ఉండే వర్గానిది. పతకం వచ్చినా రాకపోయినా ఈ హక్కు అతనిదే. కాకపోతే ఇంటర్ దగ్గరే ఆగిపోయినవాడికి ఆ ఉద్యోగాల్లో చాలావాటికి దరఖాస్తు చేసే అర్హతే ఉండదు.

మందుల విషయంలో ఒక జాగ్రత్త. చెయ్యి తీసేసిన చోట ఇంకా నొప్పి వస్తుంటే డాక్టర్లు రాసే మందుల్లో ట్రమడాల్ ఉండవచ్చు. 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో దాన్ని వాడడం నిషిద్ధం. వైద్య అవసరాల కోసం ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది కాబట్టి, మందుల చీటీలన్నీ ఒక ఫైలులో భద్రపరచండి, జిమ్‌లో అమ్మే పొడుల జోలికి పోనీయకండి. పైస్థాయికి చేరాక ఎప్పుడు ఎక్కడ ఉంటున్నదీ డోపింగ్ నిరోధక అధికారులకు తెలుపుతూ ఉండాలి. టోక్యో స్వర్ణ విజేత ప్రమోద్ భగత్ నిషిద్ధ మందు వాడినట్టు ఎవరూ అనలేదు. ఏడాదిలో మూడుసార్లు ఆ వివరాల విషయంలో తప్పినందుకు 18 నెలల నిషేధం పడి, పారిస్‌కు వెళ్లలేకపోయారు.

మీ అమ్మాయి గురించి రాసిన మాట నాకు ఎంతో నచ్చింది. బైపీసీ చదువుతున్న అమ్మాయికి ఈ రంగంలో మంచి దారులు ఉన్నాయి. ఫిజియోథెరపీ చదివితే క్రీడాకారుల చికిత్సలోనే కాక, అనుభవం వచ్చాక వర్గీకరణ నిపుణుల బృందాల్లోనూ పనిచేయవచ్చు. కృత్రిమ అవయవాల తయారీకి ప్రత్యేక డిగ్రీ ఉంది. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలకు బోధించాలనుకుంటే సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఆ రంగానికి చెందిన జాతీయ సంస్థే ఉంది. ఆమె ఇంటర్ మార్కులు, అబ్బాయి సదరం సర్టిఫికెట్ నకలు, అతను 800 గ్రాముల జావెలిన్‌తో విసిరిన దూరం కొలిచి నాకు పంపండి. ఆమె కోర్సు గురించీ, అతని డిగ్రీ గురించీ అప్పుడు వివరంగా రాస్తాను.